గ్రాండ్ పియానో లోపలి ఫోటో: ప్రోబ్ లెన్సు అద్దెకు తెచ్చుకునే ముందు

వాద్యం లోపలి ఖాళీని స్తంభాల మండపమంత విశాలంగా చూపే ఛాయాచిత్రాలను ఇప్పటికే చాలామంది చూసి ఉంటారు. న్యూజిలాండ్‌కు చెందిన చార్లెస్ బ్రూక్స్, అంతకుముందు ఆర్కెస్ట్రాలలో చెల్లో వాయించినవారు, స్టెయిన్‌వే, ఫజియోలి గ్రాండ్ పియానోల లోపలి భాగాలనూ పాతకాలపు చెల్లోల గర్భాన్నీ ఇలా చిత్రించి ఈ తరహాకు ప్రపంచమంతటా పేరు తెచ్చారు. వాటిని చూసిన ఔత్సాహికులకు మొదట కలిగే సందేహం సన్నని గొట్టం కొసన కటకం ఉండే ఆ పొడవాటి ప్రోబ్ లెన్సు ఎక్కడ దొరుకుతుంది, దాని అద్దె ఎంత అన్నదే. ఆ సందేహాన్ని కొంచెం వెనక్కి జరపడం ఈ వ్యాసం ఉద్దేశం. చెల్లో, వయొలిన్ వంటివి అన్ని వైపులా మూసిన పెట్టెలు కనుక వాటిలోకి సన్నని గొట్టం తప్ప మరో దారి లేదు. గ్రాండ్ పియానోకు మాత్రం పై నుంచీ, ముందు నుంచీ, కింది నుంచీ దారులున్నాయి, ఒక్కో దారి ఒక్కో రకం లెన్సును కోరుతుంది. అందువల్ల లోపల ఏ భాగాన్ని తీయదలచుకున్నామో తేలిన తర్వాతే లెన్సు సంగతి చూడాలి. అలా చూసినప్పుడు, విశాఖపట్నంలో ఒక పూట మాత్రమే పియానో చేతికి దొరికే సగటు ఔత్సాహికునికి ప్రోబ్ కంటే మామూలు వైడ్ లెన్సే ఎక్కువ పనికివస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా, ఏ గది?

మూత ఎత్తగానే కనిపించేది పోత ఇనుప చట్రం, దాని మీద బిగించిన దాదాపు 230 తీగలు. ఈ తీగల మొత్తం లాగుడు సుమారు 20 టన్నులు. కలప ఒక్కటే అంత బరువు మోయలేదు కనుకనే 1825లో బాస్టన్‌కు చెందిన ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఏకఖండంగా పోసిన ఇనుప చట్రానికి పేటెంటు పొందాడు. తీగల కింద, కొన్ని సెంటీమీటర్ల దూరంలో, స్ప్రూస్ కలపతో చేసిన, తీగల మోతను పెంచే సౌండ్‌బోర్డు పరుచుకుని ఉంటుంది. తీగలకూ ఆ బోర్డుకూ మధ్య ఉన్న పలుచని ఖాళీ మొదటి గది. నేలంతా బంగారు రంగు కలప, పైకప్పంతా సమాంతరంగా సాగే తీగలు, తీగల కంపనాన్ని బోర్డుకు చేరవేస్తూ మధ్యలో వంపు తిరిగి పోయే బ్రిడ్జి, అక్కడక్కడా చట్రం తాలూకు ఇనుప దూలాలు ఇందులో కనిపిస్తాయి. అందానికి లోటు లేదు గాని ఇందులోకి ప్రవేశం కష్టం. ఇనుప చట్రంలో ఉండే గుండ్రటి రంధ్రాలే వాడుకోదగిన ద్వారాలు; తీగల మధ్య సందుల్లోంచి ఏ పరికరాన్నీ దూర్చే ఆలోచన చేయకూడదు.

రెండవ గది మెట్ల (వేళ్లతో నొక్కే కీల) వెనుక ఉంటుంది. మెట్లూ, వాటి వెంట ఉండే సుత్తులూ, మీటలూ అన్నీ కలిపి యాక్షన్ అంటారు. గ్రాండ్ పియానోలో ఈ యాక్షన్ మొత్తం ఒక చట్రం మీద కూర్చుని ఉంటుంది కనుక ముందున్న పట్టీనీ, రెండు చివర్ల దిమ్మలనూ విప్పితే సొరుగులా బయటికి వస్తుంది. అది వచ్చిన తర్వాత మిగిలే ఖాళీయే చిత్రకారునికి అసలైన నిధి. అడుగున చదునైన పలక, పైన ట్యూనింగ్ పిన్నులు దిగిన దళసరి దిమ్మ, వెనుక తీగల మోతను ఆపే డ్యాంపర్లను ఎత్తే మీటల బారు, ఆ రెంటి మధ్య సందులోంచి కింది వైపు నుంచి కనిపించే తీగలు. మూత తెరిచి పై నుంచి దీపం పెడితే ఆ తీగల నీడలు చారలు చారలుగా లోపలికి దిగుతాయి. ఈ ఖాళీ మెట్ల బారు వెడల్పంతా, అంటే మీటరుకు పైగానే, అడ్డంగా సాగుతుంది. చూసేవారిని అబ్బురపరిచే లోతు వచ్చేది ఇక్కడే. పైగా చాలా పియానోలలో ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరాను ఇందులో నేరుగా కూర్చోబెట్టవచ్చు.

మూడవది పియానో అడుగు భాగం. నేల మీద వెల్లకిలా పడుకుంటే సౌండ్‌బోర్డు వెనుక అతికిన పక్కటెముకల్లాంటి బద్దలూ, వాటిని దాటి పోయే లావు దూలాలూ, పెడళ్ల కడ్డీలూ కనిపిస్తాయి. దీనికి ఎవరి సహాయమూ, ప్రత్యేక లెన్సూ అక్కరలేదు, ఫోను చాలు. రహస్యమేమీ లేదు కనుక చిత్రం కూడా అంత ఆసక్తికరంగా ఉండదు. బయటికి తీసిన యాక్షన్‌ను బల్ల మీద పెట్టి 88 సుత్తుల బారును పక్క నుంచి తీయడం మరో పని. దానికి దగ్గరి వస్తువులను పెద్దవిగా తీసే ఏ మాక్రో లెన్సయినా సరిపోతుంది, కాకపోతే అది లోపలి దృశ్యం అనిపించుకోదు.

పియానో దొరికింది కదా అని బయలుదేరే ముందు ఒక్క విషయం రూఢి చేసుకోవాలి. హోటళ్ల లాబీల్లోనూ, పెళ్లి మండపాల్లోనూ కనిపించే గ్రాండ్‌లలో కొన్ని పైకి మాత్రమే గ్రాండ్‌లు. లోపల ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంటుంది. మూత ఎత్తి ట్యూనింగ్ పిన్నులు ఉన్నాయో లేదో చూస్తే క్షణంలో తేలిపోతుంది.

లెన్సుల మధ్య ఎంపిక

ఈ పనికి అందరూ చెప్పుకునే ప్రోబ్ లెన్సు లావోవా కంపెనీ 2018లో ప్రకటించిన 24 మి.మీ. ఎఫ్/14. సుమారు 40 సెం.మీ. పొడవు, కొన వద్ద 20 మి.మీ. వ్యాసం, కొన చుట్టూ చిన్న ఎల్‌ఈడీ దీపాలు, వస్తువును రెండు రెట్లు పెద్దది చేసి చూపగల సామర్థ్యం దీని గుణాలు. కొనకు రెండు సెంటీమీటర్ల దూరంలోని వస్తువు మీద కూడా ఫోకస్ కుదురుతుంది. కొత్తది కొనాలంటే లక్ష రూపాయలు దాటుతుంది కనుక ఈ ఒక్క పని కోసం కొనడం వివేకం కాదు. ఆహార, పానీయాల ప్రకటనలు తీసేవారు దీన్ని వాడుతుంటారు కాబట్టి అద్దెకు అడగవలసింది వాళ్లనే.

అయితే ఒక చిక్కు ఉంది. నిటారు ప్రోబ్‌ను చట్రం రంధ్రంలోంచి కిందికి దించితే అది చూసేది సౌండ్‌బోర్డు మీద ఒక అరచేతి మేర మాత్రమే. మొదటి గది అందమంతా అడ్డంగా చూస్తేనే ఉంది, గొట్టమేమో నిలువుగా దిగుతోంది. గొట్టాన్ని వంచి దూర్చడానికి తీగలు అడ్డం. కొన వద్ద దృష్టిని 90 డిగ్రీలు మళ్లించే పెరిస్కోప్ రకం ప్రోబ్‌లు వచ్చింది ఇలాంటి అవసరం కోసమే; లావోవాలోనే కాక ఆస్ట్రహోరి వంటి చవక కంపెనీల్లోనూ అవి ఉన్నాయి. మొదటి గదే కావాలని పట్టుబట్టేవారు అద్దెకు అడిగేటప్పుడు 'ప్రోబ్' అని ఊరుకోకుండా 'పక్కకు చూసే ప్రోబ్' అని స్పష్టంగా చెప్పాలి. లేకపోతే డబ్బూ, సమయమూ రెండూ వృథా అవుతాయి.

ప్రోబ్‌కు మరో పరిమితి దాని ద్వారం పరిమాణం (ఎఫ్ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది). ఎఫ్/14 కంటే ఎక్కువ వెలుతురును అది లోపలికి రానివ్వదు. సన్నని ద్వారం గుండా కాంతి వెళ్లినప్పుడు కలిగే వివర్తనం వల్ల ఒక్కో బిందువు చిన్న బిళ్లగా మారుతుంది. ఎఫ్/14 వద్ద ఆ బిళ్ల వ్యాసం దాదాపు 19 మైక్రోన్లు, ఎఫ్/40 వద్ద 50 మైక్రోన్లు దాటుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సారులో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రోన్లే. అందుచేత ప్రోబ్‌ను ఎఫ్/40 దాకా మూసి అంతా ఒకే ఫ్రేములో స్పష్టంగా తెచ్చుకుందామని చూస్తే పలుచని పొగమంచు కప్పినట్టు వస్తుంది. ఎక్కువ పిక్సెళ్లున్న కెమెరా కూడా అద్దెకు తెచ్చుకోవడం ఇక్కడ దండగ.

వైడ్ మాక్రో లెన్సులది వేరే లెక్క. ఉదాహరణకు లావోవాదే 15 మి.మీ. ఎఫ్/4 లెన్సు అతి దగ్గరగా ఫోకస్ చేస్తూనే ప్రోబ్ కంటే చాలా విశాలమైన దృశ్యం చూపుతుంది. దీన్ని ఎఫ్/8 వద్ద వాడితే ప్రోబ్ కంటే మూడు రెట్లు వెలుతురు, మరింత పదునైన వివరం దొరుకుతాయి. రంధ్రంలో దూరదు, అంతే. యాక్షన్ తీసిన ఖాళీలో దీనికి ఏ అడ్డూ లేదు. ఇలాంటిది లేనివారు తమ దగ్గరున్న 16 లేదా 20 మి.మీ. లెన్సుతోనే మొదలుపెట్టవచ్చు, మరీ దగ్గరి వస్తువులు మసకబారుతాయి కనుక కెమెరాను ఒక చివర పెట్టి, ముందు ఒక జానెడు ఖాళీ వదిలి ఫ్రేము కట్టుకోవాలి.

ఫోనును తక్కువగా చూడడం సరికాదు. ఇటీవలి ఫోన్లలోని అల్ట్రావైడ్ కెమెరాలు, ముఖ్యంగా దగ్గరి ఫోకస్ ఉన్నవి, చిన్న సెన్సారు కారణంగా ఒకే ఫ్రేములో చాలా లోతును స్పష్టంగా పట్టుకుంటాయి. ఫోనును తలకిందులుగా నిలబెడితే లెన్సు నేలకు దాదాపు ఆనుకుని ఉంటుంది, చీమ కంటితో చూసిన దృశ్యం వస్తుంది. మసక వెలుతురులో ఫోను తనంతట తాను చేసే నునుపు వల్ల కలప రేఖలు మైనం పూసినట్టు తయారవడమే దీని లోపం. ఫోను ఇలా నునుపు చేయని రా ఫైలు తీసే సదుపాయం ఉంటే అది వాడాలి, స్టాండు తప్పనిసరి. గోడకు తగిలించే పెద్ద ముద్ర అక్కరలేనివారికి, యాక్షన్ బయటికి తీయించే అవకాశం ఉన్నవారికి, ఫోనే మొదటి ఎంపిక అనడానికి నాకు సంకోచం లేదు.

తీగకు తగిలించిన చిన్న యూఎస్‌బీ ఎండోస్కోపులు రూ. వెయ్యి, రెండు వేలకే దొరుకుతాయి, 5.5 మి.మీ. సందులో కూడా దూరతాయి. చిత్రానికి అవి పనికిరావు. స్థిరమైన ఫోకస్, చౌక కటకం. ఏ రంధ్రంలోంచి ఏమి కనిపిస్తుందో ముందుగా చూసుకోవడానికి మాత్రం అంతకు మించిన సాధనం లేదు. వైద్యరంగంలో వాడే గట్టి ఎండోస్కోపుల సంగతి వేరు. హెరాల్డ్ హాప్‌కిన్స్ రూపొందించిన కడ్డీ కటకాల పద్ధతితో పనిచేసే ఆ గొట్టాలను కెమెరాకు అమర్చి వాద్యాల లోపల తీసేవారు ఉన్నారు, కాని ఆ అమరిక ఔత్సాహికుల పని కాదు. ఇక గోప్రో లాంటి యాక్షన్ కెమెరాలు, 360 డిగ్రీల కెమెరాలు: దగ్గరి వస్తువులు మసకబారతాయి కనుక ఇంత ఇరుకు గదికి వద్దు.

వయొలిన్ ఉన్నవారికి ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగిన ఈ నగరంలో పియానో కంటే వయొలిన్ ఉన్న ఇళ్లే ఎక్కువ. వయొలిన్ పై పలకలోని చీలికల్లో 20 మి.మీ. ప్రోబ్ దూరదు. చివరి బొత్తాం విప్పితే రంధ్రం దొరుకుతుంది గాని అందుకు తీగలు వదులు చేయాలి, అప్పుడు లోపలి చిన్న స్తంభం పడిపోయే ప్రమాదం ఉంది. గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణదీ ఇదే పరిస్థితి. కుడం (గుండ్రటి పెద్ద భాగం) పై పలకలోని చిన్న రంధ్రాలకు ఎండోస్కోపే గతి. ఇవి తెరిచే పని తయారీదారుల చేతుల్లోనే జరగాలి.

వెలుతురు

లెన్సు ఎంపికలో చేసిన పొరపాటును మంచి వెలుతురు సరిదిద్దగలదు. వెలుతురులో జరిగిన పొరపాటును ఏ లెన్సూ సరిదిద్దలేదు. చిన్న ఖాళీ పెద్ద మందిరంలా కనిపించాలంటే కాంతి మనవైపు నుంచి కాక ఎదుటి నుంచో, పక్కనుంచో లోపలికి ప్రవేశించాలి. కిటికీలోంచి ఎండ పడిన గదిని చూసినప్పుడు కలిగే భావన అదే. ప్రోబ్ కొనకున్న ఎల్‌ఈడీలను ఆర్పివేయమని చెప్పేది ఇందుకే. అవి కెమెరా వైపు నుంచే పడతాయి కనుక నీడలు చెరిపివేస్తాయి, బంగారు రంగు చట్రం మీదా రాగి చుట్టిన మంద్ర తీగల మీదా తెల్లటి చుక్కలు నాటుతాయి, దూరాన ఉన్నదంతా చీకటిలో వదిలివేస్తాయి. వైద్య పరీక్ష చిత్రంలా ఉంటుందే తప్ప మందిరంలా ఉండదు.

ఇక్కడ ఉన్న ఎంపికలు ప్రధానంగా రెండు: ఫ్లాష్, నిరంతర దీపం. ఫోకస్ జరుపుతూ తీసిన అనేక ఫ్రేములను ఒకటిగా కలిపే స్టాకింగ్ చేయబోతున్నాం కనుక నా మొగ్గు నిరంతర దీపం వైపే. ఫ్లాష్ ఒక్కోసారి ఒక్కో మోతాదులో వెలిగితే ఫ్రేముల మధ్య వెలుతురు తేడా వచ్చి అతుకులు కనబడతాయి. దీపమైతే ఎక్కడ నీడ పడుతోందో కంటితోనే చూసి జరుపుకోవచ్చు. రంగులను యథాతథంగా చూపే, సీఆర్‌ఐ (రంగుల నిజాయితీని కొలిచే సూచిక) 95కు తగ్గని ఎల్‌ఈడీ ప్యానెళ్లు రెండు చాలు. పెళ్లిళ్ల వీడియోలు తీసేవారి దగ్గర ఇవి ఊళ్లో ఎక్కడైనా అద్దెకు దొరుకుతాయి. డాబాగార్డెన్స్, పూర్ణా మార్కెట్ వైపు దుకాణాల్లో దొరికే ఎల్‌ఈడీ పట్టీలు చవకే గాని వాటి కాంతిలో ఎరుపు లోపించి స్ప్రూస్ కలప పాలిపోయినట్టు కనిపిస్తుంది. మరీ చవకవి రెప్పవేస్తాయి కూడా. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక ఆ దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టరు 1/50 లేదా అంతకంటే నెమ్మదిగా ఉంచితే ఆ తేడా చిత్రంలో కలిసిపోతుంది.

యాక్షన్ తీసిన ఖాళీకి నేను సూచించే అమరిక ఇది. మూతను పూర్తిగా ఎత్తి, ఒక ప్యానెల్‌ను తీగల మీదుగా, కెమెరాకు ఎదుటి చివర కాస్త పైన నిలబెట్టాలి. నల్లటి మూత అద్దంలా మెరుస్తుంది కనుక దాని లోపలి వైపు తెల్లని దుప్పటి వేలాడదీస్తే అదే రెండవ దీపంగా పనిచేస్తుంది. నీడలు గాఢంగా కావాలనుకునేవారు నల్లగుడ్డ కట్టాలి. రెండవ ప్యానెల్‌ను ముందు వైపు చాలా తక్కువ వెలుగుతో, గోడకేసి తిప్పి ఉంచాలి. కాంతి మొత్తం తీగల గుండా జల్లెడపడి దిగడమే ఈ అమరికలోని కీలకం. మొదటి గదికి ఇదే సూత్రం వర్తించినా సౌండ్‌బోర్డు కింది నుంచి కాంతి రానివ్వదు కనుక వెలుతురంతా పై నుంచే పంపాలి, తీగల మధ్య నుంచి దిగే దీపం కోణాన్ని ఓపికగా వెతకాలి.

ఎన్ని ఫ్రేములు తీయాలి

చిన్న వస్తువును దగ్గరగా తీసినప్పుడు ముందు వెనుకలు మసకబారుతాయి, ఆ మసకను చూసే మన కన్ను ఇది చిన్న వస్తువు అని గుర్తుపడుతుంది. అందుకే ముందు నుంచి చివరి దాకా అంతా స్పష్టంగా ఉండాలి, అందుకే ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ అనేక ఫ్రేములు తీసి కలపాలి. వందల ఫ్రేములు కావాలని విని చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. లెక్క వేసి చూస్తే అంత భయం అక్కరలేదు.

24 మి.మీ. లెన్సు ఎఫ్/14 వద్ద, 0.02 మి.మీ. మసకను సహించే ప్రమాణంతో, సుమారు 2 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే ఒక మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఈ 2 మీటర్లను మూల దూరం అనుకుందాం. తర్వాతి ఫ్రేమును అందులో మూడో వంతు దూరంలో, ఆ తర్వాతిది అయిదో వంతులో, ఏడో వంతులో అలా తీస్తూ పోతే ఒక ఫ్రేము స్పష్టత ముగిసిన చోట మరొకటి మొదలవుతుంది. దగ్గరి హద్దు 5 సెం.మీ. వరకు రావాలంటే ఇరవై ఫ్రేములు చాలు. రెండేసి ఫ్రేములు కొంత కలిసేలా తీసుకోవడం మంచిది కనుక నలభై అనుకోండి. 15 మి.మీ. లెన్సును ఎఫ్/8 వద్ద వాడితే మూల దూరం 1.4 మీటర్లకు తగ్గుతుంది, అదే హద్దుకు పద్నాలుగు ఫ్రేములే అవసరం; కలుపుకోలుతో ముప్పై. వైడ్ లెన్సు వైపు మొగ్గడానికి ఇది మరో కారణం. దగ్గరికి వచ్చేకొద్దీ రింగును తక్కువ తక్కువ దూరాలకు తిప్పాలని మాత్రం గుర్తుంచుకోవాలి.

ప్రోబ్‌లో ఫోకస్ చేత్తోనే తిప్పాలి. అంత పొడవు గొట్టం కొన దగ్గర చిన్న కదలిక కూడా పెద్దదవుతుంది, పైగా ట్రైపాడ్ మీద బరువంతా ముందుకు వాలి ఉంటుంది. కొన లోపల ఉన్నప్పుడు ట్రైపాడ్ ఒరిగితే దెబ్బ తగిలేది సౌండ్‌బోర్డుకు. గొట్టానికి మెత్తటి గుడ్డ టేపు చుట్టాలి, ట్రైపాడ్ కాళ్లకు బరువు వేలాడదీయాలి. ఆటోఫోకస్ లెన్సు ఉన్న కెమెరాలలో అయితే ఫోకస్‌ను తానే జరుపుకుంటూ వరుసగా తీసే ఫోకస్ బ్రాకెటింగ్ సదుపాయం ఉంటే కెమెరాను ముట్టుకోనక్కరలేకుండానే మొత్తం వరుస పూర్తవుతుంది. ఫ్యాను ఆపాలి. పై అంతస్తుల్లో ఉన్న పియానో అయితే తీస్తున్నంతసేపూ గదిలో ఎవరూ నడవకుండా చూడాలి.

కలిపే సాఫ్ట్‌వేర్లలో ఫోటోషాప్ ఉన్నవారు మొదట దానితోనే ప్రయత్నిస్తారు. తీగలు లేని దృశ్యాలకు అది సరిపోతుంది. ముందు తీగలు, వాటి వెనుక దూరాన కలప ఉన్నప్పుడు మాత్రం తీగల అంచుల చుట్టూ మసక వలయాలు ఏర్పడతాయి. అలాంటి చోట హెలికాన్ ఫోకస్‌లోని మెథడ్ సీ, జెరీన్ స్టాకర్‌లోని పీమ్యాక్స్ వంటి పిరమిడ్ పద్ధతులు మేలు. వాటితో రంగు కొంచెం కఠినంగా, గరుకుగా వస్తుంది కనుక నునుపైన కలప భాగాలను అదే సాఫ్ట్‌వేర్‌లోని డెప్త్‌మ్యాప్ రకం పద్ధతితో చేసిన ప్రతి నుంచి తెచ్చి పూయాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. తీగలు తక్కువగా అడ్డుపడే కోణాన్ని మొదటే ఎంచుకోవడం దీనికి అసలు మందు.

సముద్రపు గాలి

పియానోకు 40 నుంచి 50 శాతం మధ్య తేమ హితవు, లెన్సులకు బూజు పట్టకుండా ఉండడానికీ అదే మోతాదు మంచిది. విశాఖ గాలిలో తేమ అంతకంటే చాలా ఎక్కువ, ఉప్పు సరేసరి. ఏసీ కారులోంచి దింపిన కెమెరాను ఆ గాలిలో తెరిస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. ప్రోబ్ లోపలి అద్దాలకు పట్టిన ఆవిరి త్వరగా పోదు. సంచి మూసే ఉంచి అరగంట ఆగాలి. పియానో ఉన్న గది ఏసీలో ఉంటే ఆ ఏసీని తీస్తున్నంతసేపూ ఆపకుండా అదే స్థాయిలో ఉంచాలి, తలుపులు తెరిచి పెట్టకూడదు. వానాకాలం కంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువు.

తీగలను చేత్తో తాకకూడదన్నది ఎక్కడైనా నియమమే, ఇక్కడ మరింత గట్టిగా పాటించాలి. వేలి చెమట అంటిన ఉక్కు తీగ మీద తుప్పు మచ్చ లేవడానికి తీరప్రాంతంలో ఎక్కువ కాలం పట్టదు. నూలు చేతి తొడుగులు వేసుకోవాలి, చొక్కా జేబులు ఖాళీ చేయాలి, కెమెరా పట్టీ ఊడదీయాలి. దుమ్ము కనిపించినా ఊదవద్దు, తుడవవద్దు. ఆ సన్నని దుమ్మును చిత్రంలోనే తర్వాత తొలగించవచ్చు.

యాక్షన్‌ను తీసేదెవరు

యాక్షన్‌ను లాగుతున్నప్పుడు ఒక్క మెట్టు పొరపాటున నొక్కుకుపోయినా దాని సుత్తి పైకి లేచి ట్యూనింగ్ పిన్నుల దిమ్మ అంచుకు తగిలి కాడ విరుగుతుంది. వీడియోలు చూసి ఫోటోగ్రాఫర్ చేయవలసిన పని కాదిది, యజమాని చేయవలసింది కూడా కాదు. ట్యూనర్ ఎలాగూ శ్రుతి చేయడానికి వచ్చే రోజునే చిత్రాలు తీయడం అన్నింటికంటే మంచి ఉపాయం. యాక్షన్ బయటికి రావడం ఆయన పనిలో భాగమే కావచ్చు, అదనంగా రెండు మూడు గంటల సమయానికి మాత్రం విడిగా రుసుము మాట్లాడుకోవాలి. చర్చిలోనో, పాఠశాలలోనో ఉన్న పియానో అయితే నిర్వాహకుల అనుమతి కాగితం మీద తీసుకోవాలి, ఎవరు ఏ భాగాన్ని తాకవచ్చో అందులో రాయించాలి. ట్యూనర్ రాని పక్షంలో యాక్షన్ ముట్టుకోకుండా మొదటి గదితోనూ అడుగు భాగంతోనూ సరిపెట్టుకోవాలి. పక్కకు చూసే ప్రోబ్ అద్దెకు తీసుకోవడం న్యాయమయ్యే సందర్భం ఇదొక్కటే.

గ్రాండ్ అందుబాటులో లేక నిలువు పియానో ఒక్కటే ఉంటే నిరాశపడనక్కరలేదు. దాని కింది పలక చాలావాటిలో ఒక స్ప్రింగు పట్టీ నొక్కితే ఊడివస్తుంది, పై పలక రెండు గడియలు తిప్పితే వస్తుంది. కింది ఖాళీలో సౌండ్‌బోర్డు, బ్రిడ్జి, ఏటవాలుగా దాటుకుపోయే తీగలు, పెడళ్ల కడ్డీలు అన్నీ ఒకేచోట నిలువుగా నిలబడి ఉంటాయి. ఫోనుతో గాని వైడ్ లెన్సుతో గాని ఒక్క గంటలో మంచి చిత్రం సాధ్యమవుతుంది. గ్రాండ్ మీదికి వెళ్లే ముందు వెలుతురునూ, ఫ్రేముల లెక్కనూ ఇక్కడ సాధన చేసుకోవడం ఉత్తమం.

గ్రాండ్ యాక్షన్ తిరిగి లోపలికి వెళ్లిన తర్వాత, ట్యూనర్ దిమ్మలను బిగించక ముందే, 88 మెట్లనూ ఒక్కొక్కటిగా నొక్కించి ప్రతి సుత్తీ లేస్తోందో లేదో, ప్రతి డ్యాంపరూ దిగుతోందో లేదో చూడాలి. కుడి పెడల్, ఎడమ పెడల్ కూడా తొక్కి చూడాలి. విప్పిన మరలన్నీ లెక్కకు వచ్చాయని యజమాని ఎదుటే సరిచూసుకున్న తర్వాత మాత్రమే దీపాలు విప్పి సర్దుకోవాలి.